శిథిలాల ముందు లాటిన్ క్లాసు

ప్రశ్న: అమెరికాలో డిగ్రీ మూడో ఏడు చదువుతున్న కూతురు ఒక సెమిస్టర్ రోమ్‌లో ప్రాచీన చరిత్ర చదువుతానంటోంది. ఇది చదువా, ఫీజు కట్టి చేసే విహారయాత్రా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: అనుమానం సహజమే. పేరుకు కోర్సు, పనికి సెల్ఫీలు అన్న బాపతు ప్రోగ్రాములూ లేకపోలేదు. బ్రోషర్‌లోని ఫొటోలు పక్కనపెట్టి టైమ్‌టేబుల్ అడిగితే సంగతి తేలిపోతుంది. అమెరికన్ డిగ్రీ విద్యార్థుల కోసం 1965లో రోమ్‌లో మొదలైన ఇంటర్‌కాలేజియేట్ సెంటర్ ఫర్ క్లాసికల్ స్టడీస్‌ను కొలబద్దగా పెట్టుకోవచ్చు. అక్కడ ‘ఏన్షియంట్ సిటీ’ అనే కోర్సు సెమిస్టర్ పొడవునా నడుస్తుంది. క్లాసు గదిలో ఆగదు, రోమన్ ఫోరమ్‌కీ, ప్రాచీన రేవు పట్టణం ఓస్టియా వీధులకీ వెళ్తుంది. దానికి తోడు లాటిన్, గ్రీకు పాఠాలు, కంపానియా, సిసిలీ పర్యటనలు. గ్రీసు మీద మనసుంటే 1962లో మొదలైన కాలేజ్ ఇయర్ ఇన్ ఏథెన్స్ ఉంది. ఎక్కడికి వెళ్లినా, ఆ క్రెడిట్లు సొంత యూనివర్సిటీలో చెల్లుతాయని బయల్దేరకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

ప్రశ్న: విద్యార్థుల్ని రోమ్‌కు తీసుకెళ్లే బాధ్యత వచ్చింది. కట్టడం ముందు నిలబెట్టి ఏం చెప్పాలి? గైడ్ చెప్పనిది టీచర్ ఏం చెప్పగలరు?
– ఒక లెక్చరర్, న్యూజెర్సీ

జవాబు: గైడ్ జవాబు చెప్పి ముందుకు నడుస్తాడు. టీచర్ ప్రశ్న వేసి ఆగాలి.

పాంథియన్‌నే తీసుకుంటే, మార్కస్ అగ్రిప్ప మూడోసారి కాన్సుల్‌గా ఉండగా కట్టించాడని దాని ముఖద్వారం పైన పెద్ద అక్షరాలుంటాయి. అంటే క్రీ.పూ. 27. కొద్ది నెలలు లాటిన్ చదివిన కుర్రాడు కూడా కూడబలుక్కుని చదివేస్తాడు, చదివానని మురిసిపోతాడు. ఇటుకల సంగతి అప్పుడు ఎత్తాలి. రోమన్ ఇటుకల మీద ముద్రలు వేసేవారు. 1890ల్లో ఫ్రెంచ్ వాస్తుశిల్పి జార్జ్ షెడాన్ ఈ గోడల్లోని ముద్రలు పరిశీలించాక, ఇప్పుడున్న భవనం అగ్రిప్పది కాదనీ, క్రీ.శ. రెండో శతాబ్దం తొలి దశకాల్లో కట్టిందనీ తేలింది. మరి పాత పేరు ఎందుకుంచారు? హేడ్రియన్ చక్రవర్తి తాను బాగుచేయించిన కట్టడాల మీద మొదట కట్టించినవారి పేర్లే ఉంచాడని ఒక ప్రాచీన జీవితచరిత్ర చెబుతుంది. ఆ ముక్క వెంటనే చెప్పేయకూడదు. పిల్లలు తలోమాటా అనేవరకూ నోరు కట్టుకుని ఉండటం టీచర్‌కు కష్టమే, అయినా తప్పదు.

పాంపేయిలో చిక్కు ఇంకో రకం. ఆ ఊరిని పూడ్చేసిన వెసూవియస్ అగ్నిపర్వతం పేలుడుపై చిన్న ప్లినీ రాసిన లేఖ ప్రతుల్లో ఎక్కువగా నమ్మినవాటి ప్రకారం తేదీ క్రీ.శ. 79 ఆగస్టు 24. కానీ 2018లో అక్కడ ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన తేదీ బయటపడింది. మన లెక్కలో అది అక్టోబరు 17. బొగ్గు గీత ఎక్కువ కాలం నిలవదు కాబట్టి పేలుడు శరదృతువులో జరిగి ఉండాలని చాలామంది వాదన. ఆ రాతలో సంవత్సరం లేదని పట్టుకునే విద్యార్థి ఒక్కరున్నా ప్రయాణ ఖర్చు గిట్టినట్టే.

ఒక్కో కట్టడాన్ని ఒక్కో విద్యార్థికి ముందే అప్పగించి, అక్కడే నిలబడి వివరించమనడం ఇలాంటి కోర్సుల్లో మంచి అలవాటు. ఎండాకాలంలో ఫోరమ్‌లో నీడ కరువు, పాఠం పొద్దున్నే పెట్టుకోవాలి. నీళ్ల సీసాలు కొననక్కర్లేదు, ఖాళీ బాటిల్ ఉంటే వీధుల్లోని ‘నాసోని’ కుళాయిల దగ్గర నింపుకోవచ్చు.

ప్రశ్న: లాటిన్ రాకపోతే?
– ఒక విద్యార్థి, డల్లాస్

జవాబు: పైన చెప్పిన రోమ్ కేంద్రానికి ముందే కొంత లాటిన్ గానీ గ్రీకు గానీ చదివి వెళ్లడం మంచిది. ఏథెన్స్‌లో పాఠాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి.

ప్రశ్న: ఈ చదువులో మనవాళ్ల ఊసేమైనా వస్తుందా?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: వస్తుంది, అదీ పాంపేయిలోనే. 1938లో అక్కడ ఒక భారతీయ దంతపు బొమ్మ దొరికింది. ఎత్తు పావు మీటరు, ఇప్పుడు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. ‘పాంపేయి లక్ష్మి’ అన్న పేరు స్థిరపడినా, అది యక్షి అనేవారే ఇప్పుడు ఎక్కువ. బొమ్మ మీది ఖరోష్ఠి అక్షరం వాయవ్య భారతాన్ని చూపిస్తుంటే, దీన్ని పోలిన దంతపు బొమ్మలు శాతవాహనులు ఏలిన, ఇప్పటి మహారాష్ట్రలోని భోకర్దన్, తేర్‌లలో బయటపడ్డాయి. నేపుల్స్ వెళ్లే రోజు వివరణ వంతు ఈ బొమ్మకే కావాలని తెలుగు విద్యార్థులు ముందే అడిగి పెట్టుకోవచ్చు.