సిడ్నీ ఎదురుచూసిన ఏళ్లు



చదువు అయిపోయి రెండేళ్లయినా ఎక్కడి నుంచీ పిలుపు రాలేదని దిగులు పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. వయసంతా ఎదురుచూపుల్లోనే గడిచిన ఒక ఇంగ్లీషు కుర్రాడి సంగతి రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

అతని పేరు ఫిలిప్ సిడ్నీ. 1554 నవంబర్ 30న కెంట్ ప్రాంతంలోని పెన్స్‌హర్స్ట్ భవనంలో పుట్టాడు. తల్లి డ్యూక్ కూతురు. ఆ డ్యూక్‌కు అంతకు ముందు ఏడాదే రాజద్రోహం కింద తల తీశారు. తండ్రి సర్ హెన్రీ ఎలిజబెత్ రాణి తరఫున ఐర్లండ్‌ను ఏలినవాడు. వంశం పెద్దదే గానీ చేతిలో డబ్బు ఆడేది కాదు. 1572లో తండ్రికి బ్యారన్ బిరుదు ఇవ్వబోతే, ఆ హోదాకు తగ్గ ఖర్చు మావల్ల కాదు, ఎలాగైనా తప్పించండి అని తల్లి మంత్రి బర్లీకి ఉత్తరం రాసుకుంది.

ష్రూస్‌బరీ బడిలో ఉండగా పిల్లవాడు తండ్రికి రెండు ఉత్తరాలు రాశాడు, ఒకటి లాటిన్‌లో, ఒకటి ఫ్రెంచిలో. 1566లో తండ్రి జవాబిచ్చాడు: ప్రార్థనతో రోజు మొదలుపెట్టు, చదివినదాని అర్థం పట్టుకో, వైన్ ఎప్పుడో గాని ముట్టకు, చిన్న విషయంలోనైనా అబద్ధమాడకు. ఆ కాగితం చివర తల్లి కూడా నాలుగు మాటలు చేర్చి, నాలుగైదు రోజులకోసారి ఈ ఉత్తరం తీసి చదువుకోమంది. ఆమె ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. 1562లో జబ్బుపడిన ఎలిజబెత్ రాణికి పక్కనే ఉండి సేవ చేసి ఆమె తెచ్చుకున్నవవి.

పదిహేడేళ్లకు ముగ్గురు నౌకర్లు, నాలుగు గుర్రాలతో యూరప్ బయల్దేరాడు. పారిస్‌లో ప్రొటెస్టెంట్ల ఊచకోత జరిగినప్పుడు అక్కడే ఉన్నాడు. ఇంగ్లండ్ రాయబారి వాల్సింగ్‌హామ్ ఇంట్లో తలదాచుకున్నాడు. ఇరవై రెండేళ్లకు రుడాల్ఫ్ చక్రవర్తి దగ్గరికి రాణి దూతగా వెళ్లాడు. ఇక తిరుగులేదనుకున్నారంతా.

ఆ తర్వాత ఎనిమిదేళ్ల పాటు చెప్పుకోదగ్గ బాధ్యత ఏదీ రాలేదు.

1579లో టెన్నిస్ ఆడుతుంటే ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ వచ్చి, అక్కణ్ణుంచి పొమ్మని, కుక్కపిల్లా అని తిట్టాడు. సిడ్నీ గొంతు పెంచి ఆ మాట మళ్లీ అనిపించాడు, నువ్వన్నది అబద్ధమని అందరి ముందూ చెప్పి బయటికి నడిచాడు. కత్తులు దూసుకోవలసిందే గానీ రాణి అడ్డుపడింది. ఎర్ల్ ఎక్కడ, మామూలు పెద్దమనిషి ఎక్కడ అని సిడ్నీకే తేడా చెప్పిందని అతని చిన్ననాటి స్నేహితుడు ఫల్క్ గ్రెవిల్ రాశాడు. డ్యూక్ మనవడికి ఆ మాట ఎంత గుచ్చుకుని ఉంటుందో! ఆ రోజుల్లోనే, ఫ్రెంచి రాకుమారుణ్ణి పెళ్లాడవద్దని రాణికే లేఖ రాశాడు. మరుసటి ఏడాది చాలాకాలం కొలువుకు దూరంగా, విల్టన్‌లో చెల్లెలు మేరీ ఇంట్లో గడిపాడు.

అక్కడ ఖాళీగా కూర్చోలేదు. చెల్లెలి కోసం విడి కాగితాల మీద ‘ఆర్కేడియా’ అనే పెద్ద కథ రాస్తూ పోయాడు. 1580 అక్టోబర్‌లో, విదేశాల్లో ఉన్న తమ్ముడు రాబర్ట్‌కు చరిత్ర ఎలా చదవాలో, లెక్కలు ఎందుకు నేర్చుకోవాలో వివరంగా రాశాడు. డబ్బు అందుతుందని ధైర్యం చెప్పాడు. నా దస్తూరీయే బాగుండదు, నీది అంతకన్నా అధ్వానం, మార్చుకోమన్నాడు. తన కథల పుస్తకం ఫిబ్రవరికల్లా పంపుతానని మాటిచ్చాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సిడ్నీ ఈ ఉత్తరంలోనే కనిపిస్తాడు.

ఎదురుచూసిన కొలువు 1585లో వచ్చింది, నెదర్లాండ్స్‌లో ఫ్లషింగ్ పట్టణానికి గవర్నర్‌గా. ఏడాది తిరక్కముందే, 1586 సెప్టెంబర్ 22న జుట్‌ఫెన్ దగ్గర పోరులో అతని తొడలో తుపాకి గుండు దిగింది. ఇరవై అయిదు రోజులు బాధపడి కన్నుమూశాడు. అప్పటికి ముప్ఫై ఒక్కేళ్లు. ‘ఆర్కేడియా’ 1590లో గానీ అచ్చుకాలేదు. అంతవరకు చేతిరాత ప్రతులే చేతులు మారాయి.

నువ్వు కూడా ఏవో కథలు రాసి అటక మీద పెట్టేశావట. వాటిని నాకు పంపు. దస్తూరి ఎలా ఉన్నా కూడబలుక్కుని చదువుకుంటాను.

మీ మామయ్య