బెంజ్ సర్కిల్ నుండి ఎదురుమొండి వరకు

విజయవాడ బెంజ్ సర్కిల్ వద్ద రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. ఒకటి చెన్నై, కోల్‌కత నగరాలను కలిపే 16వ నంబరుది. రెండవది పూణే నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరుది. నగరంలో ఈ రెండవదానినే బందరు రోడ్డు అంటున్నాం. ఉర్దూ అభ్యసించే మన మిత్రులకు ఆ పేరును వివరించనక్కరలేదు. పారశీకంలో 'బందర్' అంటే ఓడరేవు. రేవు పేరు ఊరికి, ఊరి పేరు రోడ్డుకు, కాలువకు సంక్రమించింది.

రోడ్లు బాగుపడక ముందు డెల్టాకు ఆ కాలువలే రాజమార్గాలు. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయిన పిమ్మట అవి సేద్యానికే గాక పడవల రాకపోకలకూ ఉపకరించాయి. ఏలూరు కాలువ గోదావరి కాలువలతోను, కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతోను కలవడం వల్ల కాకినాడ నుండి మద్రాసు వరకు నీటి మీదనే సరుకు చేరవేయగలిగేవారు. గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగే పడవకు వేగమెక్కడిది? అయినా అది పల్లె ముంగిట ఆగేది. 1893లో కృష్ణపై రైలు వంతెన నిర్మితమైంది. తరువాత బస్సులు, లారీలు వచ్చాయి. పడవలు క్రమంగా కనుమరుగైనాయి.

నేడు బందరుకు గాని, గుడివాడకు గాని పోదలచిన విద్యార్థికి రైలు, బస్సు రెండూ ఉన్నాయి. దివిసీమ సంగతి వేరు. అవనిగడ్డకు, నాగాయలంకకు రైలు లేదు. పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సులో పోవాలి. లేదా తెనాలి నుండి రైలులో రేపల్లె చేరి, పెనుమూడి–పులిగడ్డ వారధి మీదుగా కృష్ణను దాటాలి. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్ర మహిళలకు టిక్కెట్టు ఖర్చు లేదు. విద్యార్థినులకు ఇది చిన్న మేలు కాదు. కాని బస్సు పోని ఊరికి ఉచిత ప్రయాణమూ పోదు!

అక్కడ షేర్ ఆటోయే దిక్కు. కెన్యాలో 'మటాటు' అనే అద్దె వ్యాన్లు ఇటువంటివే. స్వాహిలీలో 'టాటు' అంటే మూడు. ఒకనాడు మూడు నాణేల ఛార్జీ తీసుకోవడం వల్ల ఆ పేరు వచ్చిందంటారు. నిండితేనే కదలడం అక్కడా ఇక్కడా ఒక్కటే. పొద్దు వాలితే మన ఆటో నిండదు.

ఎదురుమొండి దీవికి పోయేవారు నాగాయలంక దాటి ఏటిమొగ రేవులో పంటు ఎక్కుతారు. వారి ప్రయాణాన్ని నిర్ణయించేది బెంజ్ సర్కిల్ పైవంతెన కాదు, ఆ పంటు. ఈదురుగాలి వీస్తే రేవు మూతపడుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమకు దారులు తెగి సహాయం ఆలస్యం కావడం మన పెద్దలు మరువలేదు.

హాస్టలు సీటు కోరే విద్యార్థిని ఊరు ఎన్ని కిలోమీటర్లని మాత్రమే అడిగితే చాలదు. ఆఖరు బస్సు ఎన్ని గంటలకు, రేవు దాటవలసి ఉన్నదా అనే రెండు ప్రశ్నలను దరఖాస్తులో చేర్చవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుతున్నాం.