పిడికెడు బియ్యం – మూడు తాళాల పెట్టె

(తృతీయ బి.ఎస్‌సి. విద్యార్థిని)

మన సావనీరులో విజ్ఞానశాస్త్ర విద్యార్థులు సాధారణంగా గ్రహాల గురించో, అణువుల గురించో వ్రాస్తారు. నేను పిడికెడు బియ్యం గురించి వ్రాస్తున్నాను. ఇందులోనూ తూకం ఉంది, లెక్క ఉంది. చివరకు ఒక ప్రశ్న కూడా ఉంది. ఆ ప్రశ్న కోసమే ఈ వ్యాసం.

మాది వ్యవసాయ కుటుంబం. అమ్మ రెండు పూటలా ఎసరు పెట్టి, బియ్యం కొలిచిన తర్వాత, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. అది దేవుని భాగం. ఆదివారం ఆ డబ్బాను గుడికి తీసుకువెళుతుంది. తెలుగునాట చాలా గ్రామ సంఘాలలో ఈ ఆచారం ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే గనుక నాకు అదొక విషయంగా తోచలేదు. క్రిందటి సెలవుల్లో మాత్రం ఆ పిడికెడు ఎంత ఉంటుందో చూడాలనిపించింది. అమ్మ చేత పదిసార్లు తీయించి, పది పొట్లాలు కట్టి, కాలేజీకి తెచ్చి లేబొరేటరీ త్రాసులో తూచాను. మిత్రులు నవ్వారు. సగటు 45 గ్రాములు వచ్చింది.

ఇక లెక్క చూడండి. రెండు పూటలకు 90 గ్రాములు. ఏడాదికి 32 కిలోల 850 గ్రాములు. అరవై ఇళ్ళున్న ఊరైతే 1,971 కిలోలు, అంటే సుమారు 20 క్వింటాళ్ళు. కిలో 40 రూపాయల చొప్పున కట్టినా 78 వేల పైచిలుకు. ఇంట్లో ఎవరి కంచంలోనూ అన్నం తక్కువైనట్లు తెలియదు. ఊరికి మాత్రం ఒక నిధి తయారవుతుంది. ఈ నిధిని కూడబెట్టేది కేవలం స్త్రీలు.

మిజో కొండల కథ

ఈ పిడికెడు బియ్యాన్ని ఒక రాష్ట్రమంతటా ఒక వ్యవస్థగా మలచిన వారు మిజోరం స్త్రీలు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని లుషాయి కొండలు అనేవారు. 1894 జనవరి 11న లోరెయిన్, శావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు అక్కడికి చేరుకుని మిజో భాషకు రోమను లిపిలో అక్షరాలు కూర్చారు. 1897లో వెల్ష్ మిషనరీ డి.ఇ. జోన్స్ వచ్చాడు. 1910లో అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘంలో ‘బుహ్‌ఫాయ్ థామ్’ మొదలైంది. మిజో భాషలో ఆ మాటకు పిడికెడు బియ్యమనే అర్థం.

మరుసటి ఏడే, 1911లో, ఆ కొండల్లో ‘మౌతమ్’ కరువు వచ్చింది. జీవశాస్త్రం చదివేవారికి ఇది ఆసక్తికరమైన విషయం. అక్కడి అడవుల్లో మౌతక్ అనే వెదురు సుమారు 48 ఏళ్ళకొకసారి ఒక్కుమ్మడిగా పూసి, కాసి, చచ్చిపోతుంది. ఆ కాయలు తిని ఎలుకలు లెక్కకు మించి పెరుగుతాయి. కాయలు అయిపోగానే పొలాల మీద పడి పంటనంతా తినేస్తాయి. 1911లోను, 1959లోను, మళ్ళీ 2007 ప్రాంతంలోను ఇదే జరిగింది. 1959 కరువు నాటి అసంతృప్తి నుంచే 1966 తిరుగుబాటు పుట్టింది. దానికి 1986 ఒప్పందంతో గాని తెరపడలేదు. ఇన్ని కష్టాల మధ్య కూడా పిడికెడు బియ్యం తీసే అలవాటు పోలేదు. ఈ రోజుకు తినడానికి ఉన్నదంటే, ఇవ్వడానికి కూడా ఉన్నదన్నమాట – వారి ఆలోచన ఇదే.

పద్ధతి చాలా సులువు. వంట చేసేవారు ప్రతి పూటా పిడికెడు బియ్యం వేరే పాత్రలో వేస్తారు. వారానికొకసారి సంఘ స్త్రీలు ఇంటింటికీ తిరిగి దాన్ని పోగు చేస్తారు. ఆ బియ్యాన్ని అమ్మి సొమ్ము చేస్తారు. కొనేవారు కూడా ఎక్కువగా ఆ సంఘం వారే. ఐజ్వాల్ పట్టణంలో మేడల మీద కాపురముండి, కొన్న బియ్యం తినేవారు సైతం ఈ ఆచారం పాటిస్తున్నారు. ఒకనాడు అణాల్లో లెక్కపెట్టిన ఈ రాబడి ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలకు చేరింది. సేవకుల జీతాలు, మిషను పని మొదలైన వాటికి ఇదొక గట్టి ఆధారం. ఆ సమాజంలో చదువు కూడా పెరిగింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరంలో స్త్రీల అక్షరాస్యత నూటికి 89 దాటింది.

నాణెం రెండో వైపు

ఇంతవరకు బాగానే ఉంది. కాని, కూడబెట్టిన చేతికి ఖర్చుపెట్టే అధికారం వచ్చిందా? మిజోలలో ఒక పాత సామెత ఉంది – ఆడదాని తెలివి ఊరి నీళ్ళరేవు దాటదని. చెడ్డ భార్యనూ, చెడిపోయిన కంచెనూ మార్చేయవచ్చని ఇంకొకటి. మన సామెతలు వీటికేమీ తీసిపోవనుకోండి! అయితే తెలివి రేవు దాటదన్న ఆ స్త్రీల పిడికిళ్ళే ఊళ్ళు దాటి, రాష్ట్రం దాటి సేవకులను పంపించాయి. అయినా దశాబ్దాల తరబడి ఆ సంఘంలో స్త్రీని పాస్టరుగా గాని, సంఘపెద్దగా గాని అభిషేకించలేదు. ఆస్తి విషయంలోనూ అంతే. పాత ఆచారం ప్రకారం ఆస్తి కొడుకులదే. 1974లో ఏర్పడిన మిజో మహిళల ఐక్యసంఘం వంటివి ఏళ్ళ తరబడి పోరాడిన తర్వాతనే 2014లో వివాహం, విడాకులు, వారసత్వాలకు సంబంధించిన చట్టం వచ్చి, భార్యకు ఆస్తిలో వాటా దక్కింది.

దీన్నిబట్టి నాకు తోచింది ఇది – దానం ఒకటి, అధికారం ఒకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది దానంతట అది రాదు.

ఇది దూరాన ఉన్న కొండల సంగతి మాత్రమే కాదు. మా ఊళ్ళో జరిగింది చెబుతాను. క్రిందటేడు మాకు పెద్దమ్మ వరుసయ్యే ఒక వితంతువుకు, వర్షాలు పడే సమయానికి విత్తనాలకూ, దున్నకానికీ డబ్బు లేకపోయింది. బియ్యం డబ్బులోంచి అయిదు వేలు బదులిద్దామని ఆడవాళ్ళందరూ అనుకున్నారు. కాని పద్దు ఉండేది కమిటీ దగ్గర. కమిటీలో అందరూ మగవాళ్ళే. ఆ డబ్బు గోడకు రంగులు వేయడానికి అనుకున్నామన్నారు. ఆవిడ బయట నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. అంటే నెలకు 250, ఏడాదికి 3,000 వడ్డీయే అయింది. అసలు అలాగే ఉంది. గోడ మాత్రం చక్కగా ఉంది. ఆ వారం అమ్మ డబ్బాలో బియ్యం వేస్తూ, “పోసేది మేము, పద్దు రాసేది వాళ్ళు” అంది. తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బియ్యం వేయడం కూడా మానలేదు.

మూడు తాళాల పెట్టె

ఇంకొక ఉదాహరణ ఇంగ్లండులో మొదలై ఆఫ్రికాకు చేరింది. 1876లో ఇంగ్లండులోని ఓల్డ్ ఆల్రెస్‌ఫర్డ్ అనే పల్లెలో, అక్కడి గురువుగారి భార్య మేరీ సమ్నర్ తల్లుల కోసం ఒక సంఘం పెట్టింది. మొదటి సమావేశంలో మాట్లాడడానికి ధైర్యం చాలక అందరినీ వచ్చే వారం రమ్మని పంపించేసిందట! అదే ‘మదర్స్ యూనియన్’. నేడు 80కి పైగా దేశాలలో 40 లక్షల మంది సభ్యులున్నారు. అయితే ఇది కూడా సమానత్వంతో పుట్టలేదు. తొలి రోజుల్లో గొప్పింటి తల్లులకు ఒక రకం కార్డు, పేదింటి తల్లులకు ఇంకొక రకం కార్డు ఉండేవి. విడాకులు పొందిన స్త్రీలను 1970ల వరకు సభ్యులుగా చేర్చుకోలేదు. అంటే ఆ సంఘం లోపల కూడా ఎన్నో మార్పులు జరగవలసి వచ్చింది.

ఆ యూనియన్ వారు 2000 సంవత్సరంలో బురుండీ మొదలైన దేశాలలో చదువు కార్యక్రమం ప్రారంభించారు. అక్షరాలతో పాటు ఆరోగ్యం, పంట, ఇంటి ఖర్చు, భార్యాభర్తల సంబంధం వంటివన్నీ అందులో చర్చకు వస్తాయి. దానికి తోడుగా పొదుపు బృందాలు వచ్చాయి. ఇటువంటి పొదుపు పద్ధతిని 1991లో నైజర్ దేశంలో కేర్ సంస్థ మొదలుపెట్టింది. అది ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను.

ఒక బృందంలో పదిహేను నుంచి పాతిక మంది ఉంటారు. వారానికొకసారి కలుస్తారు. ప్రతి సభ్యురాలు ఒకటి నుంచి అయిదు వరకు వాటాలు కొనవచ్చు. వాటా వెల ఎంతో వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఆ డబ్బు ఒక ఇనుప పెట్టెలో ఉంటుంది. పెట్టెకు మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంటాయి. పెట్టె ఇంకొకరి ఇంట్లో ఉంటుంది. కనుక ఏ ఒక్కరూ దాన్ని తెరవలేరు. అందరూ కూర్చున్న చోటే తెరుస్తారు, అందరి ఎదుటే లెక్కపెడతారు. చదువు రానివారు కూడా క్రిందటి వారం మొత్తాన్ని గుర్తుంచుకుని వచ్చి చెబుతారు. అవసరమైనవారు అప్పు తీసుకుంటారు. వడ్డీ ఎంతో బృందమే నిర్ణయిస్తుంది. జబ్బు, చావు వంటి ఆపదల కోసం వేరుగా ఒక చిన్న నిధి ఉంటుంది. ఏడాది చివర మొత్తం పెట్టెను, వడ్డీతో సహా, వాటాల ప్రకారం పంచేసుకుని మళ్ళీ మొదలుపెడతారు.

ఇందులోని కీలకం గమనించండి. వడ్డీ బయటికి పోదు. ఉదాహరణకు 20 మంది స్త్రీలు వారానికి రెండేసి వాటాలు, వాటా 50 రూపాయల చొప్పున వేస్తే వారానికి రెండు వేలు. 52 వారాలకు 1,04,000. దీని మీద వచ్చే వడ్డీ ఏ షావుకారుకో చెందక వాళ్ళ చేతికే తిరిగి వస్తుంది. పెద్దమ్మకు కావలసిన అయిదు వేలు మూడో వారానికల్లా ఆ పెట్టెలో ఉండేవి.

అయితే పెట్టె సర్వరోగ నివారిణి కాదు. వారం వారం ఏదో కొంత మిగిలేవారే అందులో ఉండగలరు. అందరి కంటే పేదరాలు వాటా కొనలేక బయటే ఉండిపోవచ్చు. పిడికెడు బియ్యంలో ఆ ఇబ్బంది లేదు. ఎవరి పిడికిలి వారిదే. ఊరంతా ఒకేసారి వరదలో చిక్కినా, పంట పోయినా పెట్టె కూడా ఖాళీ అవుతుంది. కనుక రెండింటినీ కలిపి చూడాలని నా అభిప్రాయం. పోగు చేసే విద్య మిజో స్త్రీల దగ్గర, లెక్క తమ చేతిలో ఉంచుకునే విద్య ఆఫ్రికా స్త్రీల దగ్గర నేర్చుకోవాలి.

మన ప్రాంతంలో

తెలుగునాట దీనికి పునాది లేకపోలేదు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచిందంటే, దాని వెనుక అమెరికా లూథరన్ స్త్రీల సమాజం వారి విరాళాలున్నాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దానిలోని స్త్రీల మైత్రి ఈనాటికీ పల్లెపల్లెనా పనిచేస్తున్నది. ఆ సంఘం 1976లో స్త్రీలకు గురుత్వాభిషేకం ఇవ్వడం మొదలుపెట్టింది. 2013లో మన నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు. ఆ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి స్త్రీ ఆమెయే. తలుపు తెరుచుకున్నదనడానికి ఇది నిదర్శనం. కాని పై మెట్టున ఒక స్త్రీ కూర్చున్నంత మాత్రాన క్రింద పల్లెలో బియ్యం పద్దు మారదు గదా.

గుడికి సంబంధించకపోయినా ఒక విషయం ఇక్కడ చెప్పక తప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో పాఠం చదువుకుని, సారా దుకాణం మూయించారు. ఆ ఊపులోనే ఆ జిల్లాలో రోజుకు రూపాయి దాచుకునే ‘పొదుపు లక్ష్మి’ వచ్చింది. చదువు, పొదుపు, నిర్ణయం – ఈ మూడూ కలిసినచోటే పేదరికం కదులుతుందని ఆ ఉద్యమం మనకు నేర్పింది. ఏ ఒక్కటి తగ్గినా మిగతా రెండూ కుంటుతాయి.

ముగింపు

మొన్న సెలవుల్లో ఈ సంగతులన్నీ అమ్మకు చెప్పాను. మౌతమ్ కరువు గురించి వింటూ, “మనకు ఎలుకలు ఏటా ఉన్నవే గదమ్మా” అని నవ్వింది. మూడు తాళాల పెట్టె సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. చివరకు, “మూడో తాళంచెవి మీ పెద్దమ్మ దగ్గర పెట్టాలి” అంది. ఇప్పుడు పన్నెండు మంది ఆడవాళ్ళు కలిసి కమిటీని రెండు విషయాలు అడిగారు. బియ్యం లెక్క ప్రతి నెలా గుడిలో చదివి వినిపించాలని, పద్దులో ఇద్దరు స్త్రీల సంతకాలు కూడా ఉండాలని. ‘చూద్దాం’ అన్నారట. ఇంకా చూస్తూనే ఉన్నారు.

విద్యార్థి మిత్రులారా! మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. మన ఇళ్ళల్లోనూ ఒక డబ్బా ఉంటుంది. అది గుడికి వేసే బియ్యం కావచ్చు, డ్వాక్రా పొదుపు కావచ్చు, పాల డబ్బులు కావచ్చు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అందులో ఎంత ఉందో లెక్క కట్టండి. అంతటితో ఆగకుండా ఇంకొక ప్రశ్న వేయండి – ఆ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో చెప్పేది ఎవరు? కూడబెట్టిన వారూ, చెప్పేవారూ ఒక్కరు కాని చోట, అమ్మల పక్కన కూర్చుని పద్దు చదివి పెట్టడం మన చదువుకు పెద్ద పనేమీ కాదు.