వృద్ధాశ్రమమున వ్యాధి నివారణము

వృద్ధాశ్రమమునందు పెక్కుమంది ఒకే కప్పు క్రింద వసింతురు. వయసు మీరిన కొలది రోగనిరోధకశక్తి సన్నగిల్లును. ఒకరికి అన్నము తినిపించిన చేతులే మరియొకరిని లేవనెత్తవలసి యుండును. కావున అంటువ్యాధి అచ్చట సులభముగా వ్యాపించును.

2020వ సంవత్సరారంభమున అమెరికా దేశమందలి కిర్క్‌లాండ్ పట్టణమున ఒక వృద్ధ సంరక్షణాలయములో కరోనా ప్రబలి పలువురు మరణించిరి. పరిచారకులలో కొందరు అస్వస్థతతోనే పనికి వచ్చుటయు, కొందరు ఒకటికి మించిన చోట్ల పనిచేయుటయు వ్యాప్తికి తోడ్పడెనని ప్రభుత్వ పరిశోధకులు తెలిపిరి. ఇందులకు పరిచారకులను నిందించుట తగదు. పని మానిన దినమున కూలి దొరకనివాడు జ్వరమును దాచుకొనుట సహజము. కావున అట్టివారికి జీతముతో సెలవొసగుటయు ఒక నివారణోపాయమే.

చేతులు సబ్బుతో 20 సెకనులు కడుగుకొనుట, మాస్కు ధరించుట, గదులలో గాలి ఆడనిచ్చుట, రోగిని వేరుగదిలో నుంచుట తక్కిన ఉపాయములు. 2021 మార్చి 1వ తేదీనుండి మన దేశమున 60 ఏండ్లు నిండినవారికి టీకాలు వేయసాగిరి. వానిలో ఒకటియగు కోవాగ్జిన్ హైదరాబాదున తయారైనదే.

వేరుగా నుంచుట విడిచిపెట్టుట కాదు. కిర్క్‌లాండ్‌లో బంధువులు కిటికీ అద్దము వెలుపల నిలిచి, టెలిఫోనులో తమవారితో మాటలాడిరి.

వడ్డేపల్లి వంటి ఊళ్లలో వృద్ధులు ఇంటనే యున్నను ఈ నియమములు వర్తించును. అంటువ్యాధి ప్రబలిన దినములలో బడినుండి వచ్చిన బాలుడు కాలుసేతులు కడుగుకొనిన పిదపనే తాతగారి చెంతకు పోవలెను. పోవుట మాత్రము మానరాదు.