పాట యెవ్వరిది?



మన పలమనేరు కుమ్మరి చేసిన మట్టిబొమ్మను వెలయిచ్చి కొన్నవాడు దానిని తన యింట నుంచుకొనవచ్చును, ఒరుల కీయవచ్చును. కుమ్మరి మరల నడుగడు. పాట యట్టిది కాదు. వేయిమంది పాడినను అది తరుగదు. కావున దాని కర్తకు ప్రతిఫలము దక్కుటకై చట్టము వేరొక మార్గమును కల్పించినది. పాత పుస్తకముల మొదటి పుటలలో గానవచ్చు “సర్వస్వామ్య సంకలితము” అను మాట దానికి గురుతు.

1847లో పారిసునగరమందలి యొక పానశాలలో బూర్జే యను గేయకర్త తన పాట వినబడగా, పాటకు వెల యీయనివారికి తాను పానీయపు వెల యీయనని వాదించెను. న్యాయస్థాన మతని పక్షముననే తీర్పు చెప్పెను. 1851లో అచట గేయకర్తల సంఘ మేర్పడెను. మన దేశమున నట్టిది 1969లో స్థాపింపబడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ.

మన 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ననుసరించి సాహిత్యమున కొక హక్కు, సంగీతమున కొక హక్కు, ధ్వనిముద్రణమునకు వేరొక హక్కు గలవు. బెంగుళూరు రహదారిపై హోటలు యజమాని గాయకులను పిలిపించి అతిథులకు సినిమాపాటలు పాడింపగోరినచో, మొదటి రెండు హక్కులకును ముందుగా ననుమతి పొందవలయును. పాటయున్న పళ్లెమును కొన్నంతమాత్రమున నీ యనుమతి రాదు.

పాటను తొలుత పాడినవాడు దాని స్వామి యగునా? 2017 మార్చిలో శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము అమెరికాలో కచేరీలు చేయుచుండగా, తన స్వరరచనలను అనుమతి లేక పాడరాదని శ్రీ ఇళయరాజా పక్షమున నోటీసు వచ్చెను. వానిలో పెక్కింటిని తొలుత పాడినవారు బాలసుబ్రహ్మణ్యముగారే. అయినను వారు ఆ పాటలను మానుకొని కచేరీలు సాగింతుమని ప్రకటించిరి. కంఠము గాయకునిదే, రచన వేరొకరిది.

ఈ హక్కు శాశ్వతము కాదు. కర్త మరణించిన పిమ్మట అరువది సంవత్సరములకు ముగియును. 1847లో గతించిన త్యాగరాజస్వామి కృతులును, 1890లో గతించిన పురుషోత్తమ చౌధరిగారి క్రైస్తవ కీర్తనలును నేడు సర్వజనుల సొత్తు.

మినహాయింపులును గలవు. పాఠశాల కార్యక్రమములలో ఉపాధ్యాయులును విద్యార్థులును పాడవచ్చును. అయితే శ్రోతలు వారును, తలిదండ్రులును, సంరక్షకులును, పాఠశాలతో సంబంధము గలవారును మాత్రమే కావలయును. టిక్కెట్లమ్మి ఊరివారినెల్ల రప్పించినచో ఆ రక్షణ యుండదు. ఔత్సాహిక సంఘము శ్రోతలయొద్ద రుసుము గొనక పాడుటయు, మతసంస్థ లాభమునకై పాడుటయు, నిజమైన మతకర్మలయందును వివాహపు టూరేగింపునందును పాడుటయు దోషము కాదు.

చిన్న ఊరిలో నెవ్వరు చూతురని కొందరందురు. చూచువారు లేకున్నను శ్రమ శ్రమయే. పాటలు వ్రాసినవారిలో పెక్కురు ఒక్కమారు కొలది పైకము గైకొని హక్కులన్నియు వదలుకొనిరి. ఆ కారణముననే 2012లో చట్టమును సవరించి, సినిమాపాట చిత్రశాల వెలుపల వినియోగమైనప్పుడు వచ్చు రుసుములో కవికిని స్వరకర్తకును సమభాగము విడదీయరానిదిగా జేసిరి.

పాఠశాలలో మనము రుసుము చెల్లింపనక్కరలేదు, కృతజ్ఞత చెల్లింపవలయును. వార్షికోత్సవమున ప్రతిపాటకు ముందు కవి పేరును, స్వరకర్త పేరును చెప్పుడని మేము కోరుచున్నాము. నేడు పేరు చెప్పుట నేర్చిన బాలుడు, రేపు సభ నడుపునాడు హక్కు నెగవేయడు.