సూదికి మూత పెట్టకండి

సూది గుచ్చుకోవడం అనగానే ఇంజెక్షను ఇస్తుండగా రోగి చెయ్యి లాక్కున్నాడేమో అనుకుంటాం. అదీ జరుగుతుంది. కాని చాలా ప్రమాదాలు పని అయిపోయిన తరువాతనే జరుగుతాయి. ఎడమచేతి వేళ్ళ మధ్య మూత పట్టుకొని, కుడిచేత్తో సూదిని అందులోకి దూర్చబోతాం. మూత నోరు ఎంతని? మనసు అప్పటికే పక్క మంచం దగ్గరికి పోయి ఉంటుంది. సూది ఎడమ చూపుడువేలులో దిగుతుంది. తమాషా ఏమంటే, ఈ పని చేసేది జాగ్రత్తపరుడే! ఎవరికీ గుచ్చుకోకూడదని మూత పెట్టబోయి తానే పొడుచుకుంటాడు.

ఆ రోగి రక్తంలో హెపటైటిస్ బి ఉండి, మనకు టీకా లేకపోతే, అటువంటి పోట్లు నూరింటిలో 6 నుంచి 30 వరకు ఆ వ్యాధిని అంటించగలవు. హెచ్.ఐ.వి. అంటే అందరం బెంబేలెత్తుతాం గాని, దాని వంతు వెయ్యింటికి 3 మాత్రమే. భయం ఒకచోట, ప్రమాదం ఇంకొకచోట. పైగా హెపటైటిస్ బి కి టీకా ఉన్నది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే దానిని ఇక్కడ తయారుచేసి అందుబాటు ధరకు తెచ్చింది. మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు, మూడు మోతాదులు. వార్డులో అడుగుపెట్టక ముందే మొదలుపెట్టవలసిన పని ఇది.

మరి వాడిన సూదిని ఏం చెయ్యాలి? మూత జోలికి పోకుండా, గుచ్చుకోని గట్టి తెల్లడబ్బాలో అక్కడికక్కడే వెయ్యాలి. డబ్బా వరండా చివర ఉంటే ఎవరూ వెయ్యరు. మంచం పక్కకే రావాలి. ముప్పాతిక నిండగానే మూసెయ్యాలి. మూత పెట్టక తప్పని చోట దానిని ట్రేలో పడుకోబెట్టి, ఒక్క చేత్తోనే సూదితో అందుకోవాలి.

గుచ్చుకుంటే సబ్బుతో, ధారగా పడే నీటితో కడగాలి. పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిటు పొయ్యకూడదు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. హెచ్.ఐ.వి. నివారణ మందులు అవసరమైతే 2 గంటల్లోపు మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. చీవాట్లు పడతాయని మన విద్యార్థులు దాచిపెట్టేది సరిగ్గా ఈ గంటలనే. తిట్టే పెద్దలకూ ఇందులో వాటా ఉన్నది.

దూదిలో చుట్టి చెత్తబుట్టలో పడేసిన సూది తెల్లవారి బుట్ట ఎత్తే ఆయమ్మకు గుచ్చుకుంటుంది. అది ఏ రోగిదో తెలియదు గనుక పరీక్షించడానికి రక్తం కూడా దొరకదు. ఆసుపత్రి వ్యర్థాలపై 2016లో వచ్చిన నియమాలు ఆమెకు కూడా హెపటైటిస్ బి టీకా వేయించాలని చెబుతున్నాయి. వేశారా అని మన వార్డుల్లో అడిగి చూడండి.