టైరు వయసు గాడుల లోతులో కనిపించదు

సెకండ్‌హ్యాండ్ టైరు కొనడానికి వెళ్లినవారు ముందుగా చేసే పని గాడుల్లో వేలు పెట్టి చూడటం. లోతు ఉంటే టైరు బాగున్నట్టే లెక్క. విజయవాడ ఆటోనగర్ కానివ్వండి, మరో ఊరి పంక్చర్ షాపు కానివ్వండి, బేరమంతా ఈ లోతు చుట్టూనే తిరుగుతుంది. నిజానికి లోతు చెప్పేది టైరు ఎంత దూరం తిరిగిందన్నది మాత్రమే. తయారై ఎన్నేళ్లయిందో అది చెప్పదు. ఎక్కువగా షెడ్డులోనే ఉండే కారు టైరు ఎనిమిదేళ్ల తర్వాత కూడా కొత్తదానిలాగే కనిపించవచ్చు. రబ్బరు మాత్రం ఆ ఎనిమిదేళ్లూ మారుతూనే ఉంటుంది.

2012 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో సంగీతోత్సవం నుంచి తిరిగి వస్తున్న ఒక బస్సు సర్రే ప్రాంతంలో ముందు టైరు పేలి చెట్టును ఢీకొంది. ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు పైమాటే, బస్సు కన్నా టైరే పాతది. టైరు వయసుపై అప్పటికి అక్కడ నిషేధమేదీ లేదు. మృతుల్లో ఒక యువకుడి తల్లి ఏళ్ల తరబడి ప్రచారం చేశాక, 2021 ఫిబ్రవరి 1 నుంచి బ్రిటన్‌లో లారీలు, బస్సుల ముందు ఇరుసుకు పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదన్న నిబంధన వచ్చింది.

రబ్బరులో జరిగే మార్పు ఏమిటి? ముడి రబ్బరు వేడికి జిగటగా, చలికి పెళుసుగా మారుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో వేడి చేస్తే ఆ బలహీనత పోతుందని కనుగొన్నారు. పొడవాటి రబ్బరు అణువుల మధ్య గంధకం వంతెనలు కడుతుంది. అందుకే టైరు సాగుతుంది, వదిలితే మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఆక్సిజన్ వచ్చి ఈ ఏర్పాటును చెడగొడుతుంది. కొన్ని గొలుసులను తెంపుతుంది, మరికొన్నిచోట్ల అవసరానికి మించి కొత్త వంతెనలు కడుతుంది. క్రమంగా రబ్బరు గట్టిపడి, సాగే గుణం తగ్గి, చిన్న చీలికకే పెద్దగా పగిలే స్థితికి వస్తుంది.

ఈ పని బయటి నుంచి కన్నా లోపలి నుంచి జోరుగా సాగుతుంది. కారు టైరులో 33 పీఎస్ఐ గాలి ఉందంటే, బయటి వాతావరణ పీడనాన్ని కలుపుకుని లోపలి పీడనం బయటికన్నా మూడు రెట్లకు పైనే. ఆక్సిజన్ పీడనమూ అంతే నిష్పత్తిలో ఉంటుంది. అది లోపలి పొరను దాటుకుంటూ నెమ్మదిగా టైరు శరీరంలోకి, ఉక్కు తీగల పట్టీల చుట్టూ ఉండే రబ్బరులోకి చేరుతుంది. ట్రెడ్ కింద ఒకదానిపై ఒకటి ఉండే ఆ పట్టీల అంచుల దగ్గరే ఒత్తిడి అత్యధికం. అక్కడి రబ్బరు పెళుసుబారితే సన్నని పగుళ్లు మొదలై, చివరకు పట్టీలు విడిపోతాయి. బయటికి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. సుమారు 60 సెంటీమీటర్ల వ్యాసం గల టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేసరికి లక్షన్నర సార్లకు దగ్గరగా తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ఆ అంచులు ఒకసారి వంగి లేస్తాయి.

దీనికి వేడి తోడైతే? రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు దాదాపు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో వాడే ఉజ్జాయింపు సూత్రం. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2007లో ఆ దేశ కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో ఒక బీమా కంపెనీ లెక్కలున్నాయి. ఆ కంపెనీ పాలసీదారుల్లో టెక్సస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, ఆరిజోనా రాష్ట్రాలవారు 27 శాతమే. టైర్లకు సంబంధించిన క్లెయిముల్లో మాత్రం 77 శాతం అక్కడి నుంచే వచ్చాయి. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. బీమా క్లెయిములు టైరు వైఫల్యాలకు నేరుగా కొలమానం కావు. అయినా వేడి, వయసు కలిసినప్పుడు ఏం జరుగుతుందో చూపడానికి ఈ అంకెలు చాలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు దాటినప్పుడు తారురోడ్డు ఉపరితలం 60 డిగ్రీలు మించుతుంది. చాలా కార్ల కంపెనీలు చెప్పే ఆరేళ్ల గడువును, కొన్ని టైర్ల కంపెనీలు గరిష్ఠమని చెప్పే పదేళ్లను మన ఎండలో చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. నా మటుకు నేను పదేళ్ల అంకెను పక్కన పెడతాను.

కాబట్టి దుకాణంలో ముందుగా చూడాల్సింది తేదీ. టైరు పక్కగోడ మీద డీఓటీ అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. కొన్ని టైర్లకు ఈ అంకెలు ఒక పక్కనే ఉంటాయి, తిప్పి చూడాలి. మూడు అంకెలే ఉంటే అది 2000కు ముందటిది, ఇక బేరం అక్కర్లేదు. అంకెలు చెరిపేసి ఉన్నా అంతే.

తర్వాత పగుళ్లు. గాలిలో అతి స్వల్పంగా ఉండే ఓజోన్ కూడా సాగదీసిన రబ్బరును కోస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి తయారీలో 6పీపీడీ అనే రసాయనాన్ని, మైనాన్ని కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతుంటే అవి ఉపరితలానికి వచ్చి పొరలా కాపాడతాయి. పక్కగోడల మీద కనిపించే గోధుమరంగు చాలాసార్లు మురికి కాదు, ఈ రసాయనం పని చేస్తున్న గుర్తే. కదలకుండా పడి ఉన్న టైరుకు ఈ రక్షణ తగ్గుతుంది. దుకాణదారు పూసే నల్లటి పాలిష్ పగుళ్లను కప్పేస్తుంది గనుక, తడిగుడ్డతో తుడిచి, గాడుల అడుగున, పక్కగోడ ట్రెడ్‌ను కలిసే చోట బొటనవేలితో నొక్కి విప్పి చూడండి.

పాత టైరు కొనేవారికి ఒక వెసులుబాటు ఉంది. రిమ్ముకు బిగించకముందే లోపలి భాగాన్ని చూడవచ్చు. పక్కగోడకు లోపలివైపు చుట్టూ ఒక గీతలా ఒరిపిడి, నల్లటి రబ్బరు పొడి ఉంటే గాలి లేకుండా నడిపిన టైరు అది. పైకి ఎంత బాగున్నా వదిలేయండి. పక్కగోడకు వేసిన ప్యాచ్, చేత్తో తడిమితే తగిలే ఉబ్బు, బయటపడ్డ తీగ ఉన్నా అంతే.

లోతు సంగతి చివరగా. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి. ట్రెడ్ అరిగి వాటి మట్టానికి చేరిందంటే లోతు 1.6 మి.మీ.కు పడిపోయినట్టు. వానలో అంతకు చాలా ముందే పట్టు తగ్గుతుంది. రోడ్డుపై 2 మి.మీ. నీరున్నప్పుడు 18 సెంటీమీటర్ల వెడల్పు టైరు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 8 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. ఆ నీటికి దారి ఈ గాడులే. ఇక్కడొక మోసం జరుగుతుంది. అరిగిన టైరుకు వేడి కత్తితో గాడులు మళ్లీ కోస్తారు. కొన్ని లారీ టైర్లను ఇందుకోసమే అదనపు మందంతో తయారుచేస్తారు. కారు టైరుకు ఆ మందం ఉండదు, కోత ఉక్కు పట్టీల దాకా వెళ్తుంది. గాడిలో దిమ్మె ఉండాల్సిన చోట తెగిపోయి ఉంటే అనుమానించాలి.

ధర లెక్క కూడా వయసుతోనే వేయాలి. ఆరేళ్లను హద్దుగా పెట్టుకుంటే, కొత్తదాని ధరలో సగానికి వచ్చే ఐదేళ్ల టైరు మిగిలిన ఒక్క ఏడాదికే పనికొస్తుంది. అంటే ఏడాదికి పడే ఖర్చు కొత్త టైరు కన్నా మూడు రెట్లు. అదే సగం ధరకు రెండేళ్ల టైరు, లోపల శుభ్రంగా ఉన్నది దొరికితే లాభమే. నాలుగో ఏడు దాటితే ఎంత చౌకగా ఇచ్చినా నాకు ఆసక్తి ఉండదు.

ఈ లెక్కలన్నీ వేశాక డిక్కీ తెరిచి స్టెప్నీ తేదీ కూడా చూడండి. సెకండ్‌హ్యాండ్ కార్లలో ఒక్కసారి కూడా రోడ్డెక్కని స్టెప్నీ కారుతో పాటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినదై ఉండవచ్చు. దాని మీద గాడులన్నీ కొత్తగానే ఉంటాయి. వాడకపోయినా, గాలి నింపి ఉంచిన స్టెప్నీల్లోనూ రబ్బరు పాతబడుతుందని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ పరిశోధనల్లో తేలింది.